పాచికి వడదెబ్బ

మా రాళ్లమడుగు మంచినీళ్ల చెరువులోని పాచికి ఎండదెబ్బ తగులుతోందని ప్రభుత్వం గుర్తించిన వారంలోనే మా ఊళ్లో కొందరు మనుషులకి కూడా ఎండదెబ్బ తగిలి పెద్దాసుపత్రిలో చేరారు. అయితే వాళ్ల మీద ఎవరూ పరిశోధన చేయలేదు. పాచి మీద చేశారు. చేసింది మా డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే డాక్టర్ ఎస్తేరు రాణి.

ఆవిడ నెమ్మదైన మనిషి. పాచి మీద డాక్టరేటు తీసుకున్నా, పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లతో ఆ ఊసెత్తేది కాదు. మిట్టమధ్యాహ్నం గొడుగేసుకుని చెరువు కట్ట మీదికి పోయేది. మునిసిపాలిటీ ఫిట్టరు మస్తాన్ వలి తెప్ప వేసుకుని పైనీళ్లు, అడుగునీళ్లు విడివిడిగా సీసాల్లో పట్టి ఇచ్చేవాడు. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టుకుని ఆవిడ ఏళ్ల తరబడి చూసింది.

చూసి తేల్చింది ఇది. చెరువు నీళ్లు పచ్చగా కనబడేది కంటికి ఆనని మొక్కల వల్ల. ఒక్కో కణమే ఒక్కో మొక్క. ఎండే వాటికి తిండి. అయితే ఎండలో అతినీలలోహిత కిరణాలని కంటికి కనబడనివి ఉంటాయి. సూర్యుడు నడినెత్తికొచ్చినప్పుడు అవి జోరెక్కి, పైపైన తేలే పాచిని నీరసపెడతాయి. అప్పుడు కొన్ని కణాలు కాస్త లోతుకి దిగుతాయి. కొన్ని ఒంట్లోనే గొడుగులాంటి రంగు తయారుచేసుకుంటాయి. పొద్దు వాలేసరికి దెబ్బలు బాగుచేసుకుని మళ్లీ పనిలో పడతాయి. కొట్టేదీ ఎండే, పెట్టేదీ ఎండే. మధ్యలో మనం చేయాల్సిందేమీ లేదు.

ఈ సంగతి చెప్పడానికి ఆవిడ రాజధానిలో సదస్సుకి వెళ్లింది. మంత్రిగారు ఆలస్యంగా వచ్చారు. జ్యోతి ప్రజ్వలనకి ఫ్యాన్లు ఆపితే చెమటలు, వేస్తే జ్యోతి ఆరిపోవడం. ఒకరి శాలువా ఇంకొకరికి కప్పేసి, మళ్లీ తీసి కప్పడం. ఇదంతా అయ్యేసరికి భోజనాల వేళయింది. ఎస్తేరు రాణికి మూడే మూడు నిమిషాలు మిగిలాయి.

"మన చెరువుల్లో కోటానుకోట్ల సూక్ష్మ శైవలాలు, అంటే పాచి కణాలు, ప్రతి మధ్యాహ్నం అతినీలలోహిత కిరణాల ధాటికి దెబ్బతింటున్నాయి. మనం పీల్చే ప్రాణవాయువులో పెద్ద వాటా ఇలాంటి జీవులదే. అయితే..." అంది ఆవిడ.

గంట కొట్టేశారు. జనం లేచి పళ్లాలకేసి నడిచారు.

లేవనిది ఒక్కరే. జలజీవ సంక్షేమ శాఖ సంచాలకులు విరూపాక్షం గారు. ఆ శాఖ పుట్టి చాలాకాలమైంది గాని దానికి పని పుట్టలేదు. కారు ఉంది, బంట్రోతు ఉన్నాడు, సంక్షేమం చేయించుకునేవాళ్లే దొరకలేదు. చేపలు మత్స్యశాఖవి. కప్పల్ని అటవీశాఖ వదలనంది. విరూపాక్షం గారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఎస్తేరు రాణికి రెండు చేతులూ జోడించారు.

"అమ్మా, నోరులేని జీవాలు. దిక్కులేని జీవాలు. ఇన్నాళ్లూ ఎండలో ఉన్నాయని మాకెవ్వరూ విన్నవించలేదు."

"సార్, నేను చెప్పబోయింది వేరే. వాటికి మన సాయం..."

"అందుతుంది తల్లీ. తప్పకుండా అందుతుంది" అన్నారాయన.

'సూక్ష్మ శైవలముల అతినీలలోహిత ఉపశమన పథకము' అని ఉత్తర్వు తయారైంది. ఫైలు ముందు దేవాదాయ శాఖకి పోయింది. శైవలాలంటే శైవుల తాలూకు వాళ్లనుకున్నారు. వైష్ణవులకి కూడా సమానన్యాయం జరిగేట్లయితే తమకు అభ్యంతరం లేదని వాళ్లు రాసి పంపారు. ఆ షరతు మీదనే పథకం మంజూరైంది. ప్రయోగాత్మకంగా మొదట మా చెరువుకి అమలు. ఎస్తేరు రాణి గౌరవ సలహాదారు.

ఉత్తర్వు చేతికందగానే ఆవిడ మునిసిపల్ కమిషనర్ శేషఫణి గారి దగ్గరికి పరుగెత్తింది.

"సార్, నా మాట సగమే విన్నారు. పాచికి ఎండ కావాలి. దాని తంటాలు అదే పడుతుంది."

శేషఫణి గారు తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. "మేడం, ఇరవై ఏళ్లుగా ఈ ఊరికి పైపులైను మార్చమని నేను రాస్తున్నా. ఒక్క అక్షరం వినలేదు. మీ మాట సగం విన్నారు. అది తక్కువ సంగతా?"

"తప్పు సగం విన్నారు సార్."

"ప్రభుత్వం విన్న సగమే ఒప్పు సగం. సలహాదారు మీరు. మీకు కారొస్తుంది. మీ ప్రిన్సిపాలు కూడా లేచి నిలబడతాడు. కొన్నాళ్లు ఊరుకోండి. పథకాలు వాటంతట అవే చస్తాయి. మనం చంపితేనే ఇబ్బంది."

కారు వచ్చింది. ప్రిన్సిపాలు నిజంగానే లేచి నిలబడ్డాడు. ఎస్తేరు రాణి కొన్నాళ్లు ఊరుకుంది.

ఏప్రిల్ నెల నడిమధ్యలో చెరువుకి పందిరి మొదలైంది. ఈ కట్ట నుంచి ఆ కట్ట దాకా సరుగుడు బాదులు పాతారు. వాటి మీద నల్లటి టార్పాలిన్ పట్టాలు పరిచి తాళ్లతో కట్టాలి. కట్టేది కూలీలు, వాళ్లలో సగంమంది ఆడవాళ్లు. మొల లోతు నీళ్లలో కాళ్లు, నెత్తిన నిప్పుల కుంపటి. పాచికి ఎండ తగలకుండా వాళ్లు ఎండలో నిలబడ్డారు.

కోటమ్మ అనే కూలీ మనిషి నోరున్నది. పనికి పిలిచిన మేస్త్రీ దగ్గర కాకుండా, తనిఖీకొచ్చిన విరూపాక్షం గారి దగ్గరికే పోయి నిలబడింది.

"అయ్యా, కట్టినంత మేర కిందకి పోయి మేమూ కాసేపు కూకుంటాం. ఎండకి కళ్లు బైర్లు కమ్మతన్నయ్."

విరూపాక్షం గారు కోప్పడలేదు. ఆయనకి కోటమ్మ మీద జాలే కలిగింది. కాని నియమం నియమమే కదా.

"అమ్మా, ఈ పథకమునకు లబ్ధిదారులు శైవలములు. లబ్ధిదారులు కాని వారు ఛాయను వినియోగించినచో అది నిధుల దుర్వినియోగము అవుతుంది."

"నీడ దుర్వినియోగమా?"

"ప్రభుత్వపు నీడ."

కోటమ్మ మస్తాన్ వలి వైపు తిరిగింది. "ఏందన్నా ఈయన మాట్లాడేది? మనమేమన్నా నీడ మూటగట్టుకోని ఇంటికి తీసకపోతామా?"

"ఊరుకో కోటమ్మా" అన్నాడు మస్తాన్. "మనకంటే పాచి ముందు దరఖాస్తు పెట్టుకుందంట."

పందిరి పూర్తయింది. చెరువు మొత్తం అమావాస్య మింగినట్టు చీకటి పడిపోయింది. ఎస్తేరు రాణి వారంవారం నీళ్లు తెచ్చి మైక్రోస్కోపు కింద చూస్తే పాచి తగ్గిపోతోంది. ఈదేవి ఈదడం మానాయి, పచ్చనివి పాలిపోయాయి. చచ్చినవి అడుగుకి చేరి కుళ్లుతున్నాయి. నీళ్లకి కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైంది. ఆవిడ ఈసారి ఊరుకోలేదు. రాజధానికి పోయి విరూపాక్షం గారి ఎదుట కూర్చుంది.

"సార్, లబ్ధిదారులు చచ్చిపోతున్నారు."

ఆయన ముఖం వాడిపోయింది. "అంటే ఇంకా ఎక్కడో ఎండ కారుతోందన్నమాట. రెండో పొర వేయిస్తాను."

"ఎండ లేకే చస్తున్నాయి సార్. వాటికి అన్నం అదే. మనం అన్నం మీద మూత పెట్టాం."

విరూపాక్షం గారు మూర్ఖుడని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఆయన విన్నారు. వినడమే కాదు, విన్న దాన్ని కూడా పథకంలో చేర్చారు.

"అర్థమైంది. నీడ మాత్రమే ఇచ్చి ఆహారం మరిచాము. అయితే ఎండలో మంచి వెలుతురు, చెడ్డ వెలుతురు కలిసి ఉన్నవి. చెడ్డదాన్ని పట్టాతో ఆపాము. మంచిదాన్ని దీపాలతో ఇద్దాము."

"మంచిదీ చెడ్డదీ కలిపి ఉచితంగా పైనుంచి వస్తోంది కద సార్. పట్టా తీసేస్తే సరిపోతుంది."

"అమ్మా" అన్నారాయన మెత్తగా, "వేసిన పట్టా తీయడానికి పద్దు లేదు. దీపానికి ఉంది."

దీపాలకి టెండరు పిలిచారు. చెరువు నిండా బాదులకి కట్టడానికి పొడుగాటి గొట్టం దీపాలు లారీల్లో దిగాయి. జనరేటర్లు దిగాయి. ఎస్తేరు రాణి ఒక పెట్టె విప్పి, దీపం మీద రాసింది చదివి, పెట్టె పక్కనే కట్ట మీద కూలబడింది. నీళ్ల శుద్ధి ప్లాంట్లలో క్రిముల్ని చంపడానికి పెట్టే అతినీలలోహిత దీపాలవి.

కమిషనర్ గారు కాగితాలు తిరగేసి చూశారు. "అతినీలలోహిత ఉపశమన దీపములు అని అడిగాం మేడం. సరఫరాదారు ఉపశమనం స్టాకు లేదన్నాడట. మిగతావి పంపాడు."

"సార్, ఏ కిరణాల నుంచి కాపాడడానికి పందిరి వేశామో అవే కిరణాలు పందిరి కింద వెలిగిస్తున్నాం."

"మెల్లగా, మేడం. పక్కనే పత్రికలవాళ్లున్నారు."

"పాచి సంగతి పోనివ్వండి. మనుషుల కళ్లు పోతాయి. ఇవి ఎదురుగా చూడకూడదు."

"ప్రారంభోత్సవం రేపే. అతిథులు బయల్దేరారు. బొట్టుపెట్టి పిలిచినవాళ్లని దీపం చూడొద్దని ఎట్లా చెప్తాం?"

మరునాడు పట్టపగలు పందిరి కింద చీకట్లో వేదిక కట్టారు. విరూపాక్షం గారు, శేషఫణి గారు, రాజధాని నుంచి వచ్చిన పెద్దలు నీళ్ల మీద పరిచిన చెక్కల మీద కూర్చున్నారు. ఎస్తేరు రాణికీ కుర్చీ వేశారు గాని ఆవిడ పోలేదు. దీపాలు చూడ్డానికి ముందుకి తోసుకుపోతున్న కూలీలని, మస్తాన్ వలిని బయటికి రమ్మని కేకలేసింది. "నా మాట వినండి, ఎండే నయం, బయటికి రండి" అంటే, ప్రభుత్వ సలహాదారు నోటి నుంచి నమ్మదగిన మాట రావడం అదే మొదలు కాబట్టి వాళ్లు వచ్చేశారు.

మీట నొక్కారు. చెరువంతా ఊదారంగు వెలుగు. పెద్దలంతా నేరేడు పళ్లలా నిగనిగలాడారు. చప్పట్లు మోగాయి. విరూపాక్షం గారు తల పైకెత్తి దీపాలనే చూస్తూ మాట్లాడారు.

"చూడుడు! లబ్ధిదారుల మొహములలో వెలుగు చూడుడు! ఎండ అందరికీ సమానమని అనువారున్నారు. ఎండయందును కులీనమైన వెలుతురు, దుష్టమైన వెలుతురు కలవు. మన శాఖ ఆ రెంటినీ వేరుచేసినది!"

ప్రసంగం బాగా సాగింది. ఆయన తర్వాత మిగతావాళ్లు కూడా, తాము తక్కువ తినలేదని, సాగదీశారు.

పొద్దు వాలేసరికి అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. రెప్ప వేస్తే ఇసుక, తీస్తే కారం. మొహాలు కాలిన పెనాల్లా కమిలిపోయాయి. ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్ల డాక్టరు దగ్గరికి వరసగా నడిచారు. డాక్టరు లైటు వేసి చూసి బిత్తరపోయాడు.

"ఇంతమందీ వెల్డింగ్ పని నేర్చుకుంటున్నారా సార్?"

చుక్కల మందు వేసి, దూది పెట్టి, కట్టు కట్టాడు. కొద్దిరోజుల్లో తగ్గిపోతుందన్నాడు, తగ్గింది కూడా. కాని ఆలోగానే, కళ్లకి కట్టుతోనే, విరూపాక్షం గారు పడుకుని ఒక ఆదేశం చెప్పి రాయించారు: "అతినీలలోహితపు క్రూరత్వమును ఇంతకాలము వినియుంటిమి. ఇప్పుడు స్వయముగా అనుభవించితిమి. శైవలముల వేదన మాకు బోధపడినది. కావున తక్షణమే మూడవ పొర వేయవలెను."

దీపాలు ఆర్పమని మాత్రం అందులో లేదు.

ఇక చెరువు పూర్తిగా తిరగబడింది. పాచి చచ్చింది, దాని కుళ్లుకి నీళ్లలో గాలి చచ్చింది, గాలి లేక చేపలు వెల్లకిలా తేలాయి. కుళాయి తిప్పితే వాసన ముందు, నీళ్లు తర్వాత. జనం ఖాళీ బిందెలతో మునిసిపాలిటీ మెట్ల మీద కూర్చున్నారు. శేషఫణి గారు కట్టు విప్పిన ఎర్ర కళ్లతో బయటికొచ్చి ప్రకటన చదివారు. చనిపోయిన చేపలు పథకం లబ్ధిదారులు కావని, వాటి మరణంతో పథకానికి సంబంధం లేదని.

కట్ట మీద మూడో పొర పని సాగుతూనే ఉంది. ఎస్తేరు రాణి సీసాలతో వచ్చేసరికి, పట్టా తాడు లాగుతూ లాగుతూ కోటమ్మ అట్లాగే వెనక్కి పడిపోయింది. తోటి ఆడవాళ్లు మోసుకొచ్చి కట్ట మీద పడుకోబెట్టారు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. చెమట లేదు, మాట లేదు.

"పందిరి కిందకి పట్టండి!" అంది ఎస్తేరు రాణి. "ఆ దీపాలు ఆర్పేయ్, మస్తాన్!"

మస్తాన్ జనరేటరు ఆపాడు. నలుగురు ఆడవాళ్లు కోటమ్మని ఎత్తారు. అంతలో శేషఫణి గారి జీపు వచ్చి ఆగింది.

"మేడం, మేడం! లోపలికి వద్దు. రేపు ఆడిట్‌కి వస్తున్నారు. లబ్ధిదారులు కానివాళ్లు కింద కనబడితే నా ఉద్యోగం పోతుంది."

"మనిషి పోతోంది సార్."

"అంబులెన్సుకి చెప్పా, వస్తోంది. అప్పటిదాకా ఆ తుమ్మచెట్టు కింద..."

ఆ తుమ్మచెట్టుకి ఆకుల కంటే ముళ్లు ఎక్కువ. ఎస్తేరు రాణి ఆయన మొహంలోకి చూసింది. ఆయన దుర్మార్గుడు కాడు. భయపడ్డ మనిషి, అంతే. తనూ ఇన్నాళ్లూ కారెక్కి తిరిగింది అందుకే కదా అనిపించి ఆవిడకి సిగ్గు ముంచుకొచ్చింది.

ఆవిడ మస్తాన్ మొలలోంచి తాళ్లు కోసే కత్తి లాక్కుంది. దగ్గర్లోని బాదుకి కట్టిన తాడు ఒక్క పోటుకి తెగలేదు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని కూర్చుని, పరపరా కోసింది. పట్టా భళ్లున విడిపోయి కట్ట మీదికి జారింది. దాన్ని ఆడవాళ్లు నాలుగు మూలలా ఎత్తిపట్టి కోటమ్మ మీద నీడ చేశారు. బిందెల్లో తాగడానికి తెచ్చుకున్న నీళ్లు ఒంటి మీద గుమ్మరించారు.

"మేడం, మీరు ప్రభుత్వ ఉద్యోగి!" అన్నారు శేషఫణి గారు.

"అవును సార్" అని ఆవిడ రెండో తాడు దగ్గరికి నడిచింది.

మెట్ల మీద బిందెలతో కూర్చున్న జనానికి కబురు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అంబులెన్సు కోటమ్మని తీసుకుపోయేసరికి కట్ట చుట్టూ కొడవళ్లు, కత్తిపీటలు. కూరలు తరిగే కత్తిపీట తాడు మీద ఎంత చక్కగా పనిచేస్తుందో మా ఊరివాళ్లకి ఆ రోజే తెలిసింది. పొద్దుగూకేలోగా చెరువు మీద ఆకాశం కనబడింది.

కోటమ్మ బతికింది. ఆసుపత్రి నుంచి వచ్చి, పట్టాలేమయ్యాయని మొదట అడిగింది. రోడ్డు వార కూరగాయలమ్మే ఆడవాళ్లు, బస్టాండు ముందు రిక్షావాళ్లు, ఇటుక బట్టీల కూలీలు తలా ఒకటి పట్టుకుపోయి పందిళ్లు వేసుకున్నారు. ప్రభుత్వపు నీడ దుర్వినియోగం కావడం మా జిల్లాలో అంత పెద్ద ఎత్తున ఎన్నడూ జరగలేదు.

విరూపాక్షం గారు పదోన్నతి మీద సముద్రతీర శాఖకి వెళ్లారు. పోతూపోతూ ఎస్తేరు రాణిని సస్పెండు చేయించి వెళ్లారు. అభియోగం: "కోటానుకోట్ల లబ్ధిదారులను నిర్దాక్షిణ్యముగా ఎండపాలు చేయుట."

విచారణకి పరాంకుశం గారని ఒక అధికారిని వేశారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. సర్వీసంతా విచారణలు చేసి చేసి, ఎవరిమీదా కోపం మిగలని మనిషి. వానలు మొదలయ్యాక, ఎండా వానా కలిసి పడుతున్న ఒక పూట మా ఊరొచ్చారు. మస్తాన్‌ని అడిగారు, కోటమ్మని అడిగారు. కోటమ్మ ఒకటే చెప్పింది.

"అయ్యా, ఆయమ్మ పాచిని ఎండలో ఏసిందో లేదో నాకు తెలవదు. నన్ను మాత్రం నీడలో ఏసింది. రాసుకోండి."

రాసుకున్నారు. తర్వాత కాలేజీ ల్యాబుకొచ్చి, విచారణకి పిలిపించిన ఎస్తేరు రాణి ఎదుట కూర్చున్నారు.

"అమ్మా, నిబంధన ప్రకారం బాధితుల్ని కూడా విచారించాలి. ఎక్కడున్నారు?"

ఆవిడ అప్పుడే చెరువు నుంచి తెప్పించిన నీళ్లచుక్క గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపు ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్లజోడు తీసి, ఒక కన్ను మూసి, వంగారు. కిటికీలోంచి పడిన ఎండ అద్దం మీదుగా నీళ్లచుక్కలోకి పోతోంది. ఆ వెలుగులో పచ్చటి పూసలు, పచ్చటి నెలవంకలు, పచ్చటి బంతులు. కొన్ని దొర్లుతున్నాయి, కొన్ని గిరగిరా తిరుగుతున్నాయి, ఒకటి రెండుగా విడిపోయి చెరో వైపు పోయింది.

"ఇన్నిటికీ మన నీడా పోయి, దీపమూ ఆరాకే ప్రాణం వచ్చిందా?"

"అవును సార్. ఏ మూలో మిగిలిన కాసిని మళ్లీ పెరిగాయి."

ఆయన చాలాసేపు తల ఎత్తలేదు. బంట్రోతు టీ తెచ్చి పెట్టాడు, అది చల్లారింది.

"వీటిని కాపాడ్డానికి మనకో శాఖ ఉందని వీటికి తెలుసా అమ్మా?"

"తెలియదు సార్."

"చెప్పకండి" అన్నారు పరాంకుశం గారు.